కాగితం పట్టీ కింద

"వెనక్కి తీసుకోను" అని చిట్టి అనేసరికి మీటింగు హాల్లో కుర్చీల కిర్రుమనే చప్పుడు కూడా ఆగిపోయింది. పోయినవారం మనం ఆమెను అక్కడే, పెద్దలందరి మధ్య, నిలువుకాళ్ళ మీద వదిలేశాం. ఎవరో మర్యాదకి కుర్చీ చూపించారు. చిట్టి కూర్చోలేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మిగిలినవాళ్ళు విసుక్కోకండి. చిట్టికి తల్లి లేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయింది. పెంచింది పెద్దమ్మ. మొక్కల పరిశోధన సంస్థలో హెర్బేరియం అని ఒక పెద్ద విభాగం ఉంది, ఎండబెట్టిన మొక్కల్ని షీట్లకి అతికించి బీరువాల్లో దాచే చోటు. దానికి మహారాణి ఈ పెద్దమ్మే. వయసులో ఉన్నప్పుడు చెల్లెల్ని వెంటబెట్టుకుని కొండలెక్కి ఒక చెట్టు కొమ్మని, దాని పువ్వుని తెచ్చింది. పువ్వు చూస్తే బూరపూల తీగల చుట్టంలా ఉంది. ఆకు చూస్తే వాటికీ దానికీ పొత్తు లేదు. అలాంటి ఆకూ అలాంటి పువ్వూ ఒకే కొమ్మకి ఉన్న మొక్కని అంతవరకూ ఎవరూ చూడలేదు. అది ఏ కుటుంబంలోనూ ఇమడదని తేల్చి, దానికోసం ఒక కొత్త కుటుంబాన్నే కట్టి, ఆ ఏడాదే కన్నుమూసిన చెల్లెలి పేరు పెట్టింది. చిట్టికి అమ్మ ఒడి గుర్తులేదు, గొంతు గుర్తులేదు. పాఠ్యపుస్తకంలో చెట్టు పేరుగా ఉన్న అమ్మ పేరే ఆమెకి మిగిలింది.

ఆ చెట్టు ఎండుటాకు ముక్కని నూరి, అందులోంచి డీఎన్ఏ తీసి, అక్షరం అక్షరం చదివించి, పూలమొక్కల వంశవృక్షంలో దాని చోటు ఎక్కడా అని వెతికింది చిట్టే. చోటు దొరికింది. రోడ్ల పక్కన నీడకోసం నాటుతారే, ఆ నీడచెట్టు సరసన. సరసన ఏమిటి, అదే! కొత్త కుటుంబం లేదు, వింత చెట్టు లేదు.

"ఆ ల్యాబు కిటికీ బయట ఉన్నదే నీడచెట్టు. ఇప్పుడు పూత మీదుంది. పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి బల్లల మీద పడుతుంది. నీ గొట్టంలో పడింది నా ఆకు కాదు, ఆ కిటికీ" అంది పెద్దమ్మ నిండు సభలో. అందరూ హమ్మయ్య అనుకుని తలలూపారు. ఇలాంటి కల్తీ డీఎన్ఏ పనిలో కొత్తేమీ కాదు మరి. డైరెక్టరు గొంతు సవరించుకుని, సోమవారం పాలకమండలి వస్తుందనీ, కల్తీ జరిగిందని చిట్టి నోటితో ఒప్పుకుంటే అందరికీ మంచిదనీ, లేకపోతే ఉద్యోగం సంగతి తన చేతుల్లో ఉండదనీ చెప్పాడు. దానికి చిట్టి ఇచ్చిన జవాబే మొదట చెప్పాను.

మెట్ల మీద ఆమెకి లౌక్యంగారు ఎదురుపడ్డాడు. పక్క గదిలో పనిచేసే సీనియరు. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి మాత్రమే తెలుసు. ఎటు మొగ్గాలో తేలనప్పుడల్లా కళ్ళజోడు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడూ తుడుచుకుంటున్నాడు.

"ఒక్క మాటతో పోయేదానికి ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? కల్తీ అనేస్తే నీ సొమ్మేం పోయింది? ఆవిడ ఎలాగూ వచ్చే ఏడు రిటైరవుతుంది. అప్పుడు నిదానంగా బయటపెట్టుకో."

"అప్పుడైతే నిజం ఇంకా రుచిగా ఉంటుందా సార్?"

"అది కాదమ్మా..."

"కిటికీలు మూసి, వేరే బిల్డింగులో, వేరే నీళ్ళతో మళ్ళీ చేశాను. అదే వచ్చింది. మీరే చూశారు. హాల్లో ఒక్క మాట అనలేకపోయారా?"

లౌక్యంగారు కళ్ళజోడు రెండో అద్దం మొదలుపెట్టాడు. చిట్టి ఆయన్ని అక్కడే వదిలి హెర్బేరియం వైపు నడిచింది. పంతం పడితే ఆ పిల్ల నడక మారిపోతుంది, మడమలు నేలకి గట్టిగా తగులుతాయి. ఆ చప్పుడు విని వరండాలో ఇద్దరు పక్కకి తప్పుకున్నారు.

హెర్బేరియంలో ఎప్పుడూ కలరా ఉండల వాసన. కిటికీలు ఉండవు, వెలుగు తగిలితే ఎండుమొక్కల రంగు పోతుందని. బారులు తీరిన ఇనప బీరువాలు, మధ్యలో పొడవాటి బల్ల, బల్ల మీద మెడ వంచిన దీపం. పెద్దమ్మ ఆ దీపం కింద ఏదో షీటుకి జిగురు పెడుతోంది. తల ఎత్తలేదు.

"చెప్పులు బయట విడిచి రా. పురుగులు మోసుకొస్తావు."

"విడిచే వచ్చాను."

"అయితే కూర్చో."

"కూర్చోను. నాకు పువ్వులోంచి ఒక రేకు కావాలి పెద్దమ్మా."

జిగురు కుంచె ఆగింది. పెద్దమ్మ మెల్లగా తలెత్తింది. ఆ చూపుకి ఎంతమంది విద్యార్థులు నీరుగారిపోయారో లెక్కలేదు. ఇప్పటి డైరెక్టరు కూడా అందులో ఒకడే, ఆమె దగ్గరే చదువుకున్నాడు.

"ఆకు ఇచ్చాను. చాలలేదా?"

"ఆకు మాట నమ్మనంది నువ్వే కదా. మొక్కకి మొహం పువ్వే అన్నావు."

"అంటాను. ఆకులు వేషాలేస్తాయే! లేతకొమ్మకి ఒక ఆకు, ముదురుకొమ్మకి ఇంకో ఆకు. పువ్వు అలా కాదు. పువ్వు చూసి చుట్టరికం చెప్పడం మా విద్య. నువ్వు పుట్టకముందు నుంచి చేస్తున్నాం."

"మొహం చూసి చుట్టరికం చెప్పేస్తే, బస్సులో సగంమంది నీకు మేనల్లుళ్ళే అవుతారు పెద్దమ్మా!"

వేరే రోజైతే పెద్దమ్మ నవ్వేది. ఈ మాటల పొదుపు లేనితనం ఆమె పెంపకమే.

"ఇంకో మాట. లేతకొమ్మ ఆకు వేరుగా ఉంటుందని ఇప్పుడు నువ్వే అన్నావు. నీ షీటు మీదున్నది లేతకొమ్మే. మొదట్లోంచి పొడుచుకొచ్చిన పిలక. అందుకే అది నీడచెట్టని ఇన్నేళ్ళూ ఎవరూ పోల్చుకోలేదు" అంది చిట్టి.

పెద్దమ్మ మొహంలో రంగు మారింది. కోపంలో ఎర్రబడే మనిషి, పాలిపోయింది. చిట్టి అది చూసింది గానీ ఎందుకో అర్థం కాలేదు.

"అది నా చెల్లెలి పువ్వు" అంది పెద్దమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "చెల్లెలు తన చేత్తో పట్టుకొచ్చిన వాటిలో ఇదొక్కటే మిగిలింది. మీ అమ్మ పేరు తుడిచెయ్యడానికి మీ అమ్మ పువ్వునే చింపుతానంటావేమే? పెంచిన చేతులతో నేనే ఇవ్వాలా?"

ఈ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. చిట్టి కళ్ళు నిండాయి. అయినా వెనక్కి తగ్గలేదు, తగ్గితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"అమ్మ పేరు మీద నాకు ప్రేమ లేదనుకుంటున్నావా? ఆ పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయేదాకా చదివాను. ఆ పేరు కింద అబద్ధం ఉంటే మాత్రం నేను భరించలేను. ఇవ్వు. ఇవ్వకపోతే సోమవారం పాలకమండలి ముందే అడుగుతాను. ఎందుకివ్వరని వాళ్ళే నిన్ను అడుగుతారు."

పెద్దమ్మ విసురుగా లేచింది. మూల బీరువా తెరిచి, ఎర్ర అంచు అట్టలోంచి ఆ షీటు తీసుకొచ్చి బల్ల మీద పరిచింది. కొత్త మొక్కకి పేరు పెట్టేటప్పుడు ఆధారంగా దాచే మూల నమూనా అదే. ఆ పేరుకి భూమ్మీద సాక్ష్యం ఆ షీటు ఒక్కటే. ఫోర్సెప్స్ అనే సన్నటి పట్టకారు తీసి దాని పక్కన టక్కున పెట్టింది.

"కొయ్యి. అంత గుండె ఉంటే కొయ్యి!"

చిట్టి ఫోర్సెప్స్ తీసుకుంది. ఆ గోధుమరంగు రేకుల్ని ఒకనాడు అమ్మ వేళ్ళు తాకాయి. షీటుని దీపం దగ్గరికి లాగి, భూతద్దం తీసింది. కోసేముందు ఎక్కడ కోస్తున్నామో అద్దంలో చూడమని చిన్నప్పుడు ఇదే బల్ల దగ్గర నేర్పింది పెద్దమ్మే.

చూసింది. అద్దం జరిపి మళ్ళీ చూసింది.

షీటు మీద కొమ్మని, ఆకుల్ని అక్కడక్కడా సన్నటి కాగితం పట్టీలతో అంటించారు. అది మామూలే. అయితే పువ్వు తొడిమె కొమ్మని కలిసే చోట కూడా సరిగ్గా ఒక పట్టీ ఉంది. ఆ చోట పట్టీ ఎవరూ వెయ్యరు. తొడిమె ఎలా పుట్టిందో చూడాల్సిన చోటు అది, కప్పకూడదు. పట్టీ అంచు ఏళ్ళు గడిచి కాస్త లేచింది. చిట్టి దాని కిందకి అద్దం వంచి చూసింది. కొమ్మ బెరడు నున్నగా ఉంది. తొడిమె పుట్టిన గుర్తే లేదు. తొడిమె చివర కూడా నున్నగా, గుండ్రంగా ఉంది. కోసిన పువ్వు తొడిమె చివర నార పీకినట్టు ఉంటుంది. తనంతట తాను రాలిన పువ్వుకే అంత నున్నటి మచ్చ.

"ఇది కోసిన పువ్వు కాదు, రాలిన పువ్వు. ఈ కొమ్మకి పూసింది కాదు. పక్కన పెట్టి అతికించారు" అంది చిట్టి.

పెద్దమ్మ జిగురు సీసాకి మూత బిగించింది.

"పెద్దమ్మా, ఈ పట్టీ ఎవరు వేశారు?"

"నేనే."

పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. ఎప్పుడూ నిటారుగా ఉండే వీపు మొదటిసారి కుర్చీకి ఆనింది.

"చెట్టు పొడుగు. పై కొమ్మలు అందలేదు. నేను కింద పిలక కోసుకుంటుంటే మీ అమ్మ పక్క లోయలోకి దిగింది. కొంగునిండా రాలినపూలు ఏరుకొచ్చింది. ఈ చెట్టువేనా అని అడిగాను. అవునంది. నమ్మాను."

"తర్వాత?"

"తర్వాత మీ అమ్మ పోయింది. నేను మళ్ళీ కొండెక్కాను. ఆ చెట్టే పూతలో కనిపించింది. మామూలు నీడచెట్టు పూత. అప్పుడు తెలిసింది, పైన ఏదో బూరపూల తీగ అల్లుకుని ఉంటుంది, దాని పూలు కింద రాలి ఉంటాయి, మీ అమ్మ అవే ఏరుకొచ్చింది అని. ఏ పెరట్లోనైనా పూసే తీగ! ఆ పాటికి పేరు పుస్తకాల్లోకి ఎక్కేసింది. ఏం చెయ్యమంటావు? చచ్చిపోయిన పిల్ల మీద తప్పు మోపి ఊరంతా చాటమంటావా? నోరు మూసుకున్నాను. ఇవాళా అదే చేస్తాను."

చిట్టికి దుఃఖం, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇన్నాళ్ళూ కిటికీ మీద, పుప్పొడి మీద, చివరికి తన చేతిశుభ్రం మీద నిందవేసిన మనిషికి మొదటినుంచీ అంతా తెలుసు!

"నన్ను అబద్ధాలకోరుని చేశావు. అందరి ముందు. నిజం తెలిసుండీ!"

"మీ అమ్మ కోసం."

"అమ్మ అడిగిందా? తప్పు చేసిన అమ్మయినా నాకు చాలు పెద్దమ్మా. కొండెక్కింది, లోయలో దిగింది, కొంగులో పూలు ఏరుకుంది, పొరబడింది. ఇన్నేళ్ళలో మా అమ్మ గురించి నేను విన్న నిజం ఇదొక్కటే. దీన్ని కూడా దాచేస్తావా?"

చిట్టి ఫోర్సెప్స్ ఆమె చేతిలో పెట్టింది.

"రేకు నువ్వే తియ్యి. నువ్వే నూరు. నా చెయ్యి పడితే మళ్ళీ కల్తీ అంటారు. ఏ పెరటి తీగో తేలనీ. అది కూడా చెప్పేద్దాం."

ఇక్కడ చిన్న మనవి. డీఎన్ఏ కథ కదా అని, చివరికి పెద్దమ్మే అసలు తల్లి అని తేలుతుందని కొందరు పాఠకులు పందేలు కాసుకుంటున్నట్టు నా చెవిన పడింది. పందెం ఓడిపోయారు. పెద్దమ్మ పెద్దమ్మే. వాళ్ళిద్దరి మధ్య ఉన్న పేచీకి అంత తేలిక మందు లేదు.

చచ్చినా ల్యాబులో అడుగుపెట్టనని ఒట్టేసుకున్న పెద్దమ్మ మర్నాడు తెల్లకోటు తొడుక్కుని వచ్చింది. కోటు పొట్టిదై, మోచేతుల దగ్గర బిగిసింది. కిటికీలన్నీ తానే మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. రేకుని చిన్న రోలులో వేసి నూరుతుంటే పళ్ళు బిగపట్టి ఉంది. చిట్టి దూరంగా గోడకి ఆనుకుని, ఏం చెయ్యాలో మాటల్తో మాత్రం చెప్పింది. ఇద్దరి మధ్యా ఆ మాటలు తప్ప ఇంకో మాట లేదు. ఇంట్లో కూడా అంతే. ఒకే బల్ల దగ్గర తింటూ, చెరో గోడ చూసేవాళ్ళు.

సోమవారం పొద్దున ఫలితం వచ్చింది. పాలకమండలి కార్లు అప్పటికే గేటు దాటుతున్నాయి. చిట్టి కంప్యూటరులో ఆ అక్షరాల్ని తెలిసిన పూలమొక్కల అక్షరాలతో పోల్చింది. తెర మీద వంశవృక్షం కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంది. పెద్దమ్మ వెనకాల నిలబడి, బూరపూల తీగల గుంపు ఎక్కడుందో వేలితో వెతికింది.

పువ్వు అక్కడ లేదు. పై గుంపులో, కింది గుంపులో కూడా లేదు. ఎక్కడో అడుగున, మిగతా కుటుంబాలింకా విడిపోకముందే చీలిపోయి, ఒంటరిగా ఒక పొడుగాటి కొమ్మ పోతోంది. దాని చివర ఉంది.

"మళ్ళీ చెయ్యి" అంది పెద్దమ్మ.

చేసింది. వేరే జన్యువులు తీసుకుని ఇంకోసారి చేసింది. కొమ్మ అక్కడే ఉంది.

"బూరపూల తీగలకి మొహమే కలిసింది. చుట్టరికం లేదు. ఇది నిజంగానే ఎవరికీ తెలియని కుటుంబం పెద్దమ్మా. అమ్మ ఏరిన పువ్వు కొత్తదే" అంది చిట్టి. "తప్పంతా కొమ్మలో ఉంది."

కొమ్మ కోసింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

పెద్దమ్మ తెర వంక చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"అవునని అనలేదే అది."

"ఏమిటి?"

"ఈ చెట్టువేనా అని అడిగితే మీ అమ్మ అవునని అనలేదు. 'ఇలాంటి చెట్టు కింద దొరికాయక్కా' అంది. ఇలాంటి చెట్టు కింద! అవును అన్నట్టు నేను విన్నాను. నాకు అదే కావాలి కాబట్టి. ఇన్నేళ్ళూ అది పొరబడిందని నేను దాన్ని క్షమిస్తూ బతికానే!" కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. చిట్టి ఆమె చేతుల్ని పట్టుకుంది. కోపం ఎక్కడికీ పోలేదు. అయినా పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. డైరెక్టరు, ఆయన వెనక కళ్ళజోడు తుడుచుకుంటూ లౌక్యంగారు.

"వాళ్ళు హాల్లో కూర్చున్నారమ్మా. కల్తీ అని ఒక్క మాట చెప్పేస్తే..."

చిట్టి నోరు తెరిచేలోగా పెద్దమ్మ ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడింది. వీపు మళ్ళీ నిటారుగా ఉంది.

"కల్తీ జరిగింది డైరెక్టర్ గారూ. ఈ పిల్ల గొట్టంలో కాదు, నా షీటు మీద. రెండు మొక్కల్ని ఒకటి చేసి అతికించింది నేను. తెలిశాక కప్పిపెట్టింది నేను. పదండి, ఈ మాట హాల్లో చెప్తాను. నా రిటైర్మెంటు దాకా ఆగక్కర్లేదు."

డైరెక్టరు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడం, మన సంస్థకి పేరు తెచ్చిందే ఆ చెట్టు! ఇప్పుడు అది లేదంటే..."

"చెట్టు లేదు. పువ్వు ఉంది" అంది చిట్టి. "రెండు మొక్కలు కలిసిన షీటయితే, మొదటి వర్ణనకి ఏ ముక్క సరిపోతే పేరు ఆ ముక్కకే ఉంచాలి. అది మన శాస్త్రంలో రూలే. పెద్దమ్మ రాసిన వర్ణన దాదాపు అంతా పువ్వు గురించే. కాబట్టి మా అమ్మ పేరు ఎక్కడికీ పోదు సార్. సరైన చోట ఉంటుంది."

లౌక్యంగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఈ సీరియల్లో ఆయన అలా చెయ్యడం ఇదే మొదలు.

"రూలు సరే" అన్నాడు డైరెక్టరు, కాస్త తేరుకుని. "బతికున్న మొక్క ఏదమ్మా? ఒక్క ఎండుపువ్వు, అందులోనూ ఒక రేకు తక్కువ. దీంతో పూలమొక్కల్లో కొత్త శాఖ ఉందంటే లోకం మొహాన నవ్వుతుంది. అది ఏ తీగో, ఏ లోయో ఎవరికి తెలుసు? ఆ కొండల నిండా లోయలే. ఏరిన మనిషి లేదాయె."

మొదటిసారి చిట్టి ధైర్యం తొణికింది. అమ్మ పేరుకి చోటయితే దొరికింది గానీ, చూపించడానికి అమ్మ మొక్క లేదు. అమ్మతోపాటే ఆ దారి కూడా పోయింది.

పెద్దమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగకుండానే, ఇన్నేళ్ళూ ఇంట్లో ఎన్నడూ అనని మాట అంది.

"దారి తెలిసిన మనిషి ఉన్నాడే చిట్టీ. ఆ లోయలోకి మీ అమ్మ ఒక్కతే దిగలేదు."